రెండుసార్లు మాయమైన పియానో

కోపకబానాలో ఒక ఇరుకు సందు. పైన అపార్ట్‌మెంట్లు, కింద వరసగా చిన్న చిన్న నైట్‌క్లబ్బులు. అర్ధరాత్రి దాటినా కింద గోల ఆగకపోతే పైవాళ్లు విసుగెత్తి కిటికీల్లోంచి సీసాలు విసిరేవాళ్లట. అలా దానికి సీసాల సందు అని పేరు పడిపోయింది. 1960ల మొదట్లో రియో డి జనీరోలో కొత్తగా ఏం వాయించాలన్నా ముందు అక్కడే వాయించి చూసేవారు. పియానిస్ట్ సెర్జియో మెండిస్ అక్కడ వాయించినవాడే. ఎలిస్ రెజీనా అక్కడ పాడింది. పగలు వైద్యవిద్య, రాత్రి పియానోగా బతికిన ఓ కుర్రాడూ ఆ సందులోనే తేలాడు. పూర్తి పేరు ఫ్రాన్సిస్కో తెనోరియో సెర్కేరా జూనియర్. అందరికీ తెనోరియో జూనియర్.

1964లో ఆర్‌జీఈ కంపెనీ అతని పేరు మీద ‘ఎంబాలో’ అనే ఎల్పీ విడుదల చేసింది. పదకొండు పాటలు, రెండు వైపులా కలిపి అరగంట పైచిలుకు. డ్రమ్స్ మీద మిల్టన్ బనానా, బేస్ మీద సెర్జియో బరోజో, శాక్సఫోన్ పౌలో మౌరా, ట్రాంబోన్ రౌల్ డి సౌజా. ఇరవై దాటి రెండు మూడేళ్లయినా అయిందో లేదో అన్న వయసువాడి వెనక ఊళ్లోని ఉద్దండులు నిలబడ్డారు. ‘నెబులోసా’ వినండి. డ్రమ్స్ సాంబా నడకను పరుగెత్తిస్తుంటే పియానో దాని మీద జాజ్ స్వరాలు చల్లుకుంటూ పోతుంది. ఎక్కడా ఆయాసం లేదు, చూడండి నా చెయ్యి ఎంత వేగమో అన్న ప్రదర్శనా లేదు. ఆ సరదా చూస్తే వాయించినవాడికి ముందున్నదంతా మంచికాలమే అనిపిస్తుంది.

అతని పేరు మీద వచ్చిన రికార్డు ఆ ఒక్కటే.

తెనోరియో గురించి రాసేవాళ్లంతా 1976లో అతను మాయమైన రాత్రి దగ్గరే మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ ముందు పన్నెండేళ్లే ఎక్కువ బాధగా తోస్తాయి. ‘ఎంబాలో’ వచ్చిన ఏడాదే బ్రెజిల్‌లో సైన్యం అధికారం లాక్కుంది. సీసాల సందు వెలవెలబోయింది. చేతిలో కళ ఉన్నవాళ్లు చాలామంది అమెరికా దారి పట్టారు. టీవీలో పాటల పోటీలు మొదలయ్యాక జనం గాయకుల వెంట పడ్డారు, మాటలు లేని సంగీతానికి గిరాకీ పోయింది. రియోలోనే ఉండిపోయిన తెనోరియో పక్కవాద్యగాడయ్యాడు. 1970ల్లో ఇతరుల రికార్డుల అట్టల మీద, చిన్న అక్షరాల్లో, పదిమంది పేర్ల మధ్య అతని పేరు కనిపిస్తుంది. ఇల్లు గడవాలంటే మరి అంతే. నలుగురు పిల్లలు, అయిదో బిడ్డ కడుపులో.

అలా కుదిరిన కచేరీలే వినిసియస్ ద మొరాయిస్, గిటారిస్ట్ టోకిన్యోలతో చేసిన అర్జెంటీనా పర్యటన. వినిసియస్ పెద్ద కవి, ‘ఇపనేమా పిల్ల’ పాట రాసినవాడు, ఒకప్పటి దౌత్యాధికారి. ‘ఎంబాలో’లో తెనోరియో వాయించిన ‘కన్సొలసావ్’కి సాహిత్యం కూడా ఆయనదే. బ్యూనస్ ఎయిర్స్‌లో గ్రాన్ రెక్స్ థియేటర్‌లో కచేరీ అయింది. బస నార్మండీ హోటల్‌లో. 1976 మార్చి 18 తెల్లవారుజామున తెనోరియో ఓ చీటీ రాసిపెట్టి బయటికి వెళ్లాడు: శాండ్‌విచ్ తిని, మందులు కొనుక్కుని ఇప్పుడే వస్తానని. మళ్లీ రాలేదు.

అర్జెంటీనాలో సైనిక కుట్రకు అప్పటికి ఆరు రోజులే ఉంది. గడ్డం, పొడుగు జుట్టు, కళ్లజోడు ఉంటే చాలు, అనుమానించడానికి ఇంకేం అక్కర్లేని రోజులు. తెనోరియోకి ఏ పార్టీతోనూ సంబంధం లేదు. వినిసియస్ ఆసుపత్రులు, పోలీస్ స్టేషన్లు, చివరికి బ్రెజిల్ రాయబార కార్యాలయం గడప కూడా తొక్కాడు. పాత ఉద్యోగపు పరిచయాలేవీ పనికిరాలేదు. రియోలో భార్యకి శవం దక్కలేదు, మరణ ధ్రువపత్రమూ దక్కలేదు.

పదేళ్ల తర్వాత, 1986లో, అర్జెంటీనా నౌకాదళంలో పనిచేసిన క్లాడియో వయెహోస్ అనే మనిషి ఓ బ్రెజిల్ పత్రికకు కథంతా చెప్పాడు. తెనోరియోని నౌకాదళం వారి ఈఎస్‌ఎంఏ శిబిరంలో కొన్నాళ్లు ఉంచి, ఏ పాపం ఎరగడని తెలిశాక కూడా చంపేశారన్నాడు. అప్పటి నుంచి లోకం దీన్నే చెప్పుకుంది. హంతకులకు అంత దగ్గరగా మసిలినవాడి మాటని ఇన్నేళ్లు అంత సులువుగా ఎలా నమ్మేశామో!

2025 సెప్టెంబరులో అసలు సంగతి బయటపడింది. అతను మాయమైన రెండు రోజులకే, అంటే మార్చి 20నే, నగర శివార్లలోని తీగ్రె ప్రాంతంలో తూటా గాయాలతో ఓ శవం దొరికింది. పోలీసులు వేలిముద్రలు తీసుకుని, ఎవరో తెలియదని రాసి, బెనవీదెస్ శ్మశానంలో పాతిపెట్టారు. ఆ ముద్రల కాగితం ఫైళ్లలో నలభై తొమ్మిదేళ్లు పడి ఉంది. అర్జెంటీనా ఫోరెన్సిక్ నిపుణుల బృందం దాన్ని పోల్చి చూస్తే తెనోరియో అని తేలింది. పియానో మీద ఆడిన వేళ్లే అతన్ని పట్టిచ్చాయని అనాలనిపిస్తుంది గానీ, అలాంటి చమత్కారం ఇక్కడ నోటికి రుచించదు. వెతుకుతున్నవాళ్లు తిరుగుతున్న రోజుల్లోనే, ఆ ఊరి పొలిమేరలోనే జవాబు ఉంది. కావాలనుకుంటే 1976లోనే ఇంటికి కబురు అందేది.

ఇక సంగీతం. ‘ఎంబాలో’ని మళ్లీ తవ్వి తీసిన పుణ్యం చాలావరకు యూరప్ డీజేలది, జపాన్ రికార్డుల పిచ్చివాళ్లది. నాట్యం చేయించే బీట్ కోసం వెతుకుతూ వాళ్లు ‘నెబులోసా’ని పట్టుకున్నారు. స్పెయిన్ దర్శకుడు ఫెర్నాండో త్రువేబా పియానో విని ఎవరీ మనిషి అని ఆరా తీయడం మొదలుపెట్టి, నూరుమందికి పైగా మాట్లాడించి, చిత్రకారుడు హవియెర్ మారిస్కల్‌తో కలిసి 2023లో యానిమేషన్ సినిమా తీశాడు. సినిమా వల్ల పేరు మోగింది. కాకపోతే ఇప్పుడు ఆ రికార్డు వినేవాళ్లందరి చెవుల్లోనూ ముందుగా తుపాకీ చప్పుడు వినిపిస్తుంది. అరగంట నిండా ఉల్లాసమే ఉన్న సంగీతానికి ఇది అన్యాయం.

అందుకే నాకు ‘ఎంబాలో’ తర్వాత అతను ఇతరుల కోసం వాయించిన రికార్డుల మీద ఆశ. అట్ట మీద అరిగిన బూట్ల జత ఉండే గాయకుడు లో బోర్జెస్ 1972 రికార్డులో వాద్యకారుల జాబితాలో తెనోరియో ఉన్నాడు. అలాంటివి ఒక్కొక్కటీ వెతికి, ఏ పాటలో ఏ కీబోర్డు అతనిదో తేల్చి ఒకచోట చేర్చడం సినిమా తీయడం కంటే విసుగు పుట్టించే పని. అప్పట్లో స్టూడియోల్లో ఉన్నవాళ్లు కొందరైనా మిగిలుండగానే అది జరగాలి.