విశ్వాసం, వృత్తి, నిత్యజీవితం: ఒంగోలు ప్రాంత మాదిగ క్రైస్తవుల చరిత్ర (1866-1878)

ఉపోద్ఘాతం

తెలుగునాట క్రైస్తవ మత వ్యాప్తిని గురించిన చర్చ ఎక్కువగా రెండు విషయాల చుట్టూ సాగింది. మొదటిది విద్య, వైద్యం, ముద్రణ, నిఘంటు నిర్మాణం వంటి రంగాలలో మిషనరీలు చేసిన కృషి. రెండవది మతాంతరీకరణకు మూలకారణం ఏమిటన్న వివాదం. ఈ రెండు చర్చలలోనూ మతం మారినవారు నిత్యం చేసే పని, ఆ పనికి పొందే ప్రతిఫలం, తినే తిండి, గడిపే వారం అంతగా చోటు చేసుకోలేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు పరిసరాలలో అమెరికన్ బాప్టిస్టు మిషను ద్వారా క్రైస్తవులైన మాదిగల చరిత్రను వృత్తి కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. విశ్వాసాన్ని వ్యాపారంలోనూ వృత్తిలోనూ ఆచరించడమనే అంశాన్ని చరిత్రకారులు సాధారణంగా యజమానుల వైపు నుంచి చర్చిస్తారు. ఇంగ్లాండులోని క్వేకరు వర్తక కుటుంబాలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పనిపై గానీ పనిదినంపై గానీ అధికారం లేనివారు అదే విశ్వాసాన్ని తమ వృత్తిలోకి తెచ్చుకున్నప్పుడు ఏం జరిగిందో ఒంగోలు చరిత్ర చూపుతుంది.

ఆధారాల స్వభావం

ఈ పరిశీలనకు ప్రధానాధారాలు రెండు గ్రంథాలు. మొదటిది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సూయింగ్ శాండల్స్'. చెప్పులు కుట్టేవారి మధ్య కూర్చుని విన్న కథలన్న సూచన పేరులోనే ఉంది. మాదిగ బోధకుల జీవిత కథనాలతోపాటు అరుంధతి, మాతంగి ఐతిహ్యాలకు కూడా చోటిచ్చినందున ఈ గ్రంథం జానపద పరిశోధకులకు సైతం విలువైనది. రెండవది ఆమె భర్త జాన్ ఎవరెట్ క్లౌ (1836-1910) చెప్పగా ఆమె అక్షరబద్ధం చేసిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. ఇది క్లౌ మరణానంతరం 1914లో వెలువడింది. ఎమ్మా, అమెరికాలో సాంఘిక సువార్త ఉద్యమానికి ప్రధాన సిద్ధాంతకర్త అయిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సోదరి. మతాన్ని కూలి, తిండి, కుటుంబ సంబంధాలతో కలిపి చూసే దృష్టి ఈ రచనలలో కనిపించడానికి ఈ నేపథ్యం కొంత తోడ్పడి ఉండవచ్చు. ఇవి మిషను పక్షం నుంచి వచ్చిన రచనలన్నది మరువరాదు. గ్రామంలోని భూస్వాముల మాట వీటిలో వారి ప్రత్యర్థుల నోటి ద్వారానే వినిపిస్తుంది. మాదిగల మాట సైతం అనువాదమై, సంపాదితమై మనకు చేరుతున్నది. అయినా మాదిగల పనీపాటలను ఇంత సన్నిహితంగా నమోదు చేసిన నాటి రచనలు అరుదు.

తోలు వర్తకుని దారి

ఒంగోలు ప్రాంతంలో ఈ ఉద్యమానికి ఆద్యుడు యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమర సుమారు నలభై మైళ్ళ దూరంలోని పల్లె ఆయనది. చెప్పులు కుట్టి ఊరికి ఇచ్చే సాధారణ మాదిగ జీవితానికి భిన్నంగా ఆయన తోళ్ళ వర్తకం చేసేవారు. తోళ్ళు కొనడానికి ఉత్తరాన ఏలూరు వరకు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల ద్వారా క్రైస్తవ బోధ విన్నారు. అంతకు ముందే ఆయన రాజయోగ సంప్రదాయంలో ఉపదేశం పొందిన సాధకులు. గురుశిష్య సంబంధం, నిరాకార దైవభావన ఆయనకు కొత్తవి కావు. 1866లో పేరయ్య, ఆయన భార్య నాగమ్మ క్లౌ చేతిమీదుగా బాప్తిస్మం పొందారు. అదే సంవత్సరం క్లౌ నెల్లూరు నుంచి ఒంగోలుకు మారారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఈ క్రమంలో గమనించదగిన అంశం ఒకటున్నది. పేరయ్యకు కొత్త బోధను చేరువ చేసినది ఆయన వ్యాపారం. తిరిగి ఆ బోధను పల్లెలకు చేర్చినవి బంధుత్వాలు, వృత్తి సంబంధాలు, సాధకునిగా ఆయనకున్న గౌరవం. గ్రామానికి కట్టుబడిన వెట్టి మాదిగకు లేని సంచార స్వేచ్ఛ తోళ్ళ వర్తకునికి ఉన్నది. కనుక ఒంగోలు క్రైస్తవ చరిత్రకు ఆరంభాన్ని మిషను బంగళాలో మాత్రమే వెతకడం సరికాదు. తోళ్ళ బేరం సాగిన బాటలను కూడా ఆ చరిత్రలో భాగంగా లెక్కించాలి.

గ్రామంలో మాదిగ వృత్తి

మూడు నియమాల ప్రభావం తెలియాలంటే ముందుగా నాటి వృత్తి ఏర్పాటును గుర్తుచేసుకోవాలి. రైతుకు చెప్పులు, నీరు తోడే కపిల బానలు, ఎద్దులకు తోలు వార్లు చేసి ఇవ్వడం మాదిగల విధి. ప్రతిఫలంగా కళ్ళంలో మేర అందేది. చచ్చిన పశువుపై హక్కు కూడా వారిదే. దాని తోలు వృత్తికి ముడిసరుకు, మాంసం ఇంటికి ఆహారం. పోలేరమ్మ, అంకమ్మ వంటి గ్రామదేవతల కొలుపులలో డప్పు వాయించడం, పిలిచిన వేళకు పొలం పనికి రావడం కూడా ఈ ఏర్పాటులోనివే. అంటే కొలుపు డప్పు, కళ్ళం మేర, పశు కళేబరం అనేవి వేరువేరు విషయాలు కావు. ఒకే ఒప్పందంలోని భాగాలు. ఆ ఒప్పందానికి పత్రం లేదు, గడువు లేదు, నిరాకరించే వీలు అసలే లేదు.

మూడు నియమాలు

సంఘంలో చేరినవారి నుంచి క్లౌ, ఆయన బోధకులు ముఖ్యంగా మూడు నియమాలను కోరారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి మతాచార నియమాలు. పైన వివరించిన ఏర్పాటులో ఉంచి చూసినప్పుడు వీటిలో ప్రతి ఒక్కటీ పని షరతును తాకుతుంది.

విగ్రహారాధన నిషేధం వల్ల కొలుపులో డప్పు ఆగింది. డప్పు లేని కొలుపు ఊరికి అరిష్టమన్న భయం ఉన్నచోట ఇది ఒక కులం వారి సొంత విశ్వాసానికి పరిమితమైన విషయంగా మిగలలేదు. ఊరంతటి క్షేమానికి సంబంధించిన వివాదమైంది.

ఆదివారపు నియమం పనిదినాన్ని తాకింది. నాటి వ్యవసాయ జీవితంలో వారానికొక సెలవు అన్న భావన లేదు. పనికి విరామం దొరికేది పండుగలకు. ఆ పండుగనాడు సైతం మాదిగకు డప్పు పని ఉండేది. ఆ లెక్కన ఆదివారం మాదిగ కుటుంబాలకు దక్కిన తొలి సొంత దినం. రైతు వైపు ఇబ్బంది కూడా నిజమే. పక్వానికి వచ్చిన పంట ఆదివారమని ఆగదు. కోతల వేళ పని నిరాకరణను రైతులు ధిక్కారంగా భావించారు. పనికి పిలవకపోవడం, దారిని, నీటిని అడ్డుకోవడం వంటి ఒత్తిళ్ళు వచ్చాయని మిషను రచనలు చెబుతున్నాయి.

మాంస నిషేధం వీటన్నింటిలోనూ సూక్ష్మమైనది. చచ్చిన పశువు మాంసం మాదిగల ప్రతిఫలంలో భాగం కనుక దానిని వదులుకోవడమంటే కూలిలో కొంత వదులుకోవడమే. అది పస్తులున్న ఇంట్లో చేసిన త్యాగం. అయితే ఈ నియమం తోలును నిషేధించలేదు. తోలు ఊనడం, చెప్పులు కుట్టడం, తోళ్ళు అమ్మడం యథాతథంగా సాగాయి. అంటే వృత్తికీ, వృత్తి వెంట అంటుకొని ఉన్న అవమాన చిహ్నాలకూ మధ్య ఒక గీత ఏర్పడింది. చెప్పులు కుట్టే పని హీనమైనది కాదనీ, ఆ పని చేసేవారిపై మోపిన కొన్ని కట్టుబాట్లే విడువదగినవనీ ఈ నియమాల అంతరార్థం. ఈ అర్థాన్ని మిషను సిద్ధాంతంగా ప్రకటించిందని చెప్పలేము. ఆచరణ నుంచి గ్రహించవలసినదే.

కరవు, కాలువ, కూలి

1876-78 నాటి కరవు ఈ చరిత్రకు కఠినమైన పరీక్ష. కరవు సాయంలో భాగంగా మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం చేపట్టింది. మిషనరీ కాకముందు అమెరికాలో భూమి సర్వే పనిలో అనుభవమున్న క్లౌ మూడు, మూడున్నర మైళ్ళ మేర తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నారు. ఇతర చోట్ల మేస్త్రీల దౌర్జన్యానికి గురవుతున్న అంటరాని కూలీలకు ఇక్కడ పని దొరికింది. తన బోధకులనే ఆయన పని పర్యవేక్షకులుగా నియమించారు. విరామ సమయంలో ఆ బోధకులే కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. భారం మోసేవారికి విశ్రాంతిని వాగ్దానం చేసే మత్తయి సువార్త వచనం ఆ సంభాషణలలో తరచుగా వచ్చేదని చెబుతారు. మట్టి తట్టలు మోసేవారికి ఆ మాట ఉపమానంగా వినిపించి ఉండదు.

మతాంతరీకరణ 'కరవు తిండి' ఫలితమన్న విమర్శ ఇక్కడినుంచే పుట్టింది. దీనిని తేలికగా తోసిపుచ్చరాదు. ఆకలి నాటి సాయం మనుషులను దగ్గర చేసిందన్నది స్పష్టం. అయితే రెండు విషయాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కరవు సాయం సాగుతున్న కాలంలో క్లౌ బాప్తిస్మాలను నిలిపివేశారు. సాయపు పనులు ముగిశాక, 1878 జూన్‌లోనే వాటిని తిరిగి ప్రారంభించారు. ఆ జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇక రెండవ విషయం: ఆ వేసవికి ముందే సంఘ సభ్యుల సంఖ్య సుమారు మూడు వేలకు చేరింది. పన్నెండేళ్ళుగా మూడు నియమాలను పాటిస్తూ, అందుకు మూల్యం చెల్లిస్తూ వచ్చినవారు అందులో ఉన్నారు. కరవు ఒక ప్రవాహాన్ని ఉధృతం చేసింది గానీ దానిని పుట్టించలేదు.

కాలువ పనికి వృత్తి చరిత్రలో మరొక ప్రాధాన్యం ఉన్నది. కొలిచిన మట్టికి నగదు కూలి, తమవారే పర్యవేక్షకులు, తిట్టు లేని పనిచోటు అన్నవి వెట్టికి అలవాటుపడిన వారికి కొత్త అనుభవం. బోధకుడే పర్యవేక్షకుడు కావడంలో చిక్కు కూడా లేకపోలేదు. కూలి ఇచ్చే చేయి, బోధ చేసే నోరు ఒకరివే అయినప్పుడు వినేవాని స్వేచ్ఛ ఎంతన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. బాప్తిస్మాలను వాయిదా వేయడాన్ని బట్టి ఈ చిక్కు క్లౌకు తెలుసునని ఊహించవచ్చు.

తెలుగు సాహిత్యంలో ప్రతిఫలనం

ఈ చరిత్రకు ఆధునిక తెలుగు సాహిత్యంలో లభించిన విశిష్ట రూపం జి. కల్యాణరావు నవల 'అంటరాని వసంతం' (2000). కరవును, బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని, క్రైస్తవంలోకి మారడాన్ని ఒకే దళిత కుటుంబపు తరాల కథలో ఇమిడ్చిన రచన ఇది. ఆకలితో కాలువ పనికి చేరినవారిని అంటరానివారన్న కారణంతో తరిమివేసే ఘట్టం ఈ నవలలో ఉన్నది. మిషను రచనలు సాయం చేసిన చేతిని ముందుంచితే, నవల ఆ సాయం అవసరమైన స్థితిని ముందుంచింది. మిషను రచనలలో కథ బాప్తిస్మంతో పరిపూర్ణమవుతుంది. నవలలో మతం మారిన తరువాత కూడా భూమి ప్రశ్న, కుల ప్రశ్న కొనసాగుతాయి. ఈ రెండు కథనాలను పక్కపక్కన ఉంచి చదివినప్పుడే మూడు నియమాల శక్తి, వాటి పరిమితి బోధపడతాయి.

ముగింపు

ఒంగోలు మాదిగ క్రైస్తవుల విశ్వాసం వారి పనిలో స్పష్టమైన రూపం ధరించింది. ఏ రోజు పని చేయాలి, కూలిగా దేనిని స్వీకరించాలి, ఏ పనికి చేయి కదపరాదు అన్న నిర్ణయాలలో ఒక భాగాన్ని వారు తమ చేతికి తెచ్చుకున్నారు. భూమి మాత్రం వారి చేతికి రాలేదు. మేరపై ఆధారపడే స్థితి ఒక్కసారిగా తొలగలేదు. ఆ పరిమితిని అంగీకరిస్తూనే, వెట్టిలో ఉన్నవాడు 'ఈ పని చేస్తాను, ఈ పని చేయను' అని విడదీసి చెప్పగలగడాన్ని చరిత్రలో ముఖ్య ఘట్టంగా గుర్తించాలి. తెలుగు క్రైస్తవ సాహిత్య పరిశోధన ఇంతవరకు కీర్తనలు, అనువాదాలు, వ్యాకరణాలపై చూపిన శ్రద్ధను ఇకపై పల్లెలలో మిగిలిన మౌఖిక కుటుంబ కథనాలపై, వృత్తి పదజాలంపై కూడా చూపవలసి ఉన్నది. బోధకుల మనుమలు, మునిమనుమల తరాలు చెప్పుకొనే ఆ కథనాలలో తోలు, డప్పు, కళ్ళం, ఆదివారం ఎలా ప్రస్తావనకు వస్తాయో నమోదు చేస్తే, మిషను రచనల పక్కన నిలిపి పోల్చదగిన ఆధారం సమకూరుతుంది.