సాఫ్ట్‌వేర్ లైబ్రరీలలో పేర్ల ఎంపిక

ఇతర ప్రోగ్రామర్లు తమ ప్రోగ్రాముల్లో వాడుకునేందుకు ముందే రాసిపెట్టిన ఫంక్షన్ల సంపుటిని లైబ్రరీ అంటారు. ఫంక్షన్ లోపలి కోడ్‌ను ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చు. విడుదలైన పేరును తీసేస్తే మాత్రం, ఆ పేరుతో దాన్ని పిలిచే ప్రోగ్రాములన్నీ దెబ్బతింటాయి. అందుకే పేరు పెట్టడం లైబ్రరీ రూపకల్పనలో అతి జాగ్రత్తగా చేయవలసిన పని.

పేరు చదవగానే పని తెలియాలి. సీ ప్లస్ ప్లస్ ప్రామాణిక లైబ్రరీలోని 'ఎంప్టీ' ఖాళీగా ఉందా అని అడుగుతుందే తప్ప ఖాళీ చేయదు. ఖాళీ చేసేది 'క్లియర్'. ఈ రెంటినీ తారుమారు చేసేవారి కోసం, 'ఎంప్టీ' ఇచ్చిన జవాబును వాడకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరించే ఏర్పాటు 2020 ప్రమాణంలో వచ్చింది. 'రిమూవ్' ఇంకా తప్పుదారి పట్టిస్తుంది: ఉండవలసిన విలువలను ముందుకు జరుపుతుంది, వెక్టర్ అనే ఆ విలువల వరుస పొడవును మాత్రం తగ్గించదు.

ప్రమాదాన్ని కూడా పేరే చెప్పాలి. రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీలో ముడి హెచ్‌టీఎంఎల్‌ను పేజీలోకి ఎక్కించే సౌకర్యం పేరు 'డేంజరస్లీ' అన్న మాటతోనే మొదలవుతుంది. బయటివారు పంపిన స్క్రిప్టు దాని గుండా చొరబడవచ్చు కనుక ఆ పొడవాటి పేరు సరైనదే.

మంచి పేరు దొరికినా అది అప్పటికే ఎవరో వాడుకున్నదై ఉండవచ్చు. అరేలో ఉన్న అరేలను విప్పి ఒకే వరుసగా పరిచే ఫంక్షన్‌కు జావాస్క్రిప్ట్ ప్రమాణాల కమిటీ టీసీ39 మొదట 'ఫ్లాటెన్' అనుకుంది. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరుతో తన ఫంక్షన్‌ను అరేలకు ఏనాడో తగిలించింది. తన ఫంక్షన్లను లూపుతో ఏరి మరోచోటికి నకలు చేసుకోవడం దాని పద్ధతి. బ్రౌజర్‌లో పుట్టుకతోనే ఉన్న ఫంక్షన్లు ఆ లూపుకు కనబడవు. వాటి స్థానంలో మూటూల్స్ తన కోడ్‌ను పెట్టినా కనబడవు. దాంతో బ్రౌజర్‌లోకి 'ఫ్లాటెన్' చేరగానే దాని నకలు ఆగిపోయింది. 2018లో ఫైర్‌ఫాక్స్ పరీక్షా వెర్షన్‌లో ఒక పాత సైటు ఇలాగే చెడింది. 'స్మూష్' అన్న ప్రతిపాదన వచ్చి పెద్ద వాదమే నడిచింది. చివరికి 'ఫ్లాట్' ఖాయమై 2019 ప్రమాణంలో చేరింది. పాత సైట్లను కాపాడుతూనే పనిని చెప్పే పేరు కావడం మేలైంది.

అంతకుముందు, వెతికేది లోపల ఉందా అని చూసే ఫంక్షన్‌కు అనుకున్న 'కంటెయిన్స్' కూడా మూటూల్స్‌తో ఢీకొంది. దాని బదులు స్ట్రింగులకు 2015 ప్రమాణంలో 'ఇన్‌క్లూడ్స్' వచ్చింది. 2016లో అరేలకూ ఆ పేరే పెట్టారు.