గుంట ఎక్కడుండేదో మా తాతకి తెలుసు

తిరుపతిలో కొర్లగుంట, తాతయ్యగుంట అని పేటలున్నాయి కదా, చిన్నప్పుడు ఆ పేర్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. 2021 నవంబరు వానలకి ఊళ్ళో వీధులు ఏరులై పారినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు, మా తాత తప్ప. "నీళ్ళు దావ మర్చిపోవురా, మనమే మర్చిపోయినాం" అన్నాడు. ఏ కాలవ ఎటు పోయేదో ఆయనకి నోటికొచ్చు. ఆయన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అడగమని చట్టంలో లేదా అంటే, ఉంది. 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద 1981లో తుడా ఏర్పడింది. మాస్టర్ ప్లాన్ ముసాయిదాని జనం ముందు పెట్టాలి, అభ్యంతరాలూ సలహాలూ తీసుకోవాలి, ఆ తర్వాతే ఖరారు చెయ్యాలి అని చెప్పింది ఆ చట్టం.

తిరకాసంతా ఆ "ముసాయిదా" అన్న మాటలోనే ఉంది. అంటే మ్యాపు గీసేశాక అడుగుతారన్నమాట! మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్స్ కనుక్కోకుండా కోడంతా రాసేసి టెస్టింగ్‌కి యూజర్ని పిలవడం. అప్పుడు మార్చడానికి ఎవరికి మనసొప్పుతుంది? పైగా సర్వే నంబర్లూ రంగులూ ఉన్న ఆ మ్యాపు అర్థమయ్యేది స్థలాలున్న వాళ్ళకి. "నా స్థలం గ్రీన్ బెల్ట్‌లోంచి తీసెయ్యండి" అని అర్జీ పెట్టడానికి మనుషులుంటారు. "ఈడ కాలవ ఉండేది సార్" అని పెట్టేదెవరు?

ముందే కనుక్కోవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు ఆయన 1914లో మద్రాసొచ్చాడు. ఆయన ప్రదర్శన సామానున్న ఓడని ఎమ్డెన్ ముంచేసింది. అయినా ఆగకుండా 1915లో బళ్ళారి, తంజావూరు, మధుర తిరిగి నివేదికలు రాశాడు. చిత్తూరు జిల్లా కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ముందు ఊరంతా నడిచి చూడాలి, రోగం తెలిశాకే మందు అనేది ఆయన పద్ధతి. దోమలకి భయపడి చెరువులు పూడ్చొద్దు, చేపల్నీ బాతుల్నీ వదలండి అని కూడా చెప్పాడు. 1920లో మద్రాసుకి పట్టణ ప్రణాళికా చట్టమైతే వచ్చింది గానీ, ఆ నడక మాత్రం మనకి అలవాటు కాలేదు.

తిరుపతికి ఉత్తరాన కొండ అడ్డం. ఊరు పెరిగితే రేణిగుంట, తిరుచానూరు, చంద్రగిరి వైపే పెరగాలి. అక్కడి పల్లెల్లో రచ్చబండ దగ్గర ఓ సాయంత్రం కూర్చుంటే చాలు, ఏ చెరువు నీళ్ళు ఎటు పోతాయో ముసలాళ్ళే గీసి చూపిస్తారు. మ్యాపు ఆ తర్వాత గీసుకోవచ్చు.

మా తాతకి ఎనభై దాటాయి. అడిగేదేదో తొందరగా అడిగితే మంచిది.