నీటిమరలో దాగిన పేర్లు

పాత కట్టడాలను కాపాడిన వాళ్ళ చరిత్ర రాసేటప్పుడు ప్రభువులూ దాతలూ వాస్తుశిల్పులూ ముందుకొస్తారు. అదే పని ఆడవాళ్ళు చేస్తే దాన్ని చరిత్రగా కాక సరదా కబురుగా చెప్పడం రివాజు. ఇంగ్లండ్‌లోని షాల్‌ఫర్డ్ నీటిమర గురించి చదివినప్పుడల్లా నాకు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సర్రే ప్రాంతంలో గిల్‌ఫర్డ్ పట్టణానికి దగ్గర్లో, టిల్లింగ్‌బోర్న్ అనే చిన్న ఏటి మీద 18వ శతాబ్దంలో కట్టిన పిండిమర అది. ఏటి నీళ్ళు చక్రాన్ని తిప్పితే, చక్రం లోపలి రాళ్ళను తిప్పేది. 1914లో మర ఆగిపోయింది. పట్టించుకునేవాళ్ళు లేక శిథిలమవుతూ వచ్చింది. మరమ్మతుకు డబ్బు కూడగట్టి, 1932లో దాన్ని నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థకు దక్కేలా చేసింది ‘ఫెర్గూసన్ ముఠా’. పేరు మగపేరే. నడిపింది మాత్రం కొద్దిమంది యువతులు.

అడ్డూ ఆపూ లేని కట్టడాలు పల్లెలను మింగేస్తున్నాయని క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ 1928లో ఒక పుస్తకం రాశాడు. అది వాళ్ళను కదిలించింది. బిల్ స్టికర్స్, రెడ్ బిడ్డీ, సిస్టర్ అగాథా, బ్లడీ బీర్‌షాప్ అని దొంగపేర్లు పెట్టుకున్నారు. 1933లో రెడ్ బిడ్డీ ముసుగు వేసుకుని ట్రస్ట్ కార్యాలయానికి వెళ్ళి, విక్టోరియా కాలపు నాణేల్లో 100 పౌన్లు ముట్టజెప్పి మాయమైంది. 1939లో ఒక లోహపు అనాసపండులో డబ్బు చేరింది. పత్రికలు ఈ వింతల వెంటపడ్డాయి. 1935లో ఫెర్గూసన్ పేరుతో బీబీసీ రేడియోలో విరాళాల విజ్ఞప్తి కూడా ప్రసారమైంది.

మరకు మరమ్మతు చేసిన వాస్తుశిల్పి జాన్ మెక్‌గ్రెగర్‌కు ముఠా పెట్టిన పేరు ‘ఆర్టిచోక్’. మరలో ఒక భాగం ఇల్లుగా మారి ఆయన కుటుంబానికి నివాసమైంది. రెండో భాగంలో పాత యంత్రాలు నిలిచాయి. ముఠా రహస్య సమావేశాలు కూడా ఆ కప్పు కిందే జరిగేవి. పాత మర ఒక కుటుంబానికి ఊరి బయటి ఇల్లయింది; ఈ స్త్రీలకేమో భార్యగానో కూతురుగానో కాక తమ ఇష్టప్రకారం కలుసుకునే చోటయింది. నాకు రెండోదే ముఖ్యం.

బిల్ స్టికర్స్ అసలు పేరు పెగ్గీ పొలార్డ్. ప్రధాని గ్లాడ్‌స్టన్ వంశంలో పుట్టింది. కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కళాశాలలో సంస్కృతం చదివి, ప్రాచ్యభాషల్లో అత్యున్నత శ్రేణి సాధించింది. అయినా ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తిస్థాయి పట్టా ఇచ్చింది 1948 నుంచే. స్త్రీకి సొంత గది కావాలన్న వాదనకు మూలమైన ప్రసంగాల్లో ఒకటి 1928లో వర్జీనియా వుల్ఫ్ చేసింది ఆ న్యూన్‌హామ్‌లోనే. రెడ్ బిడ్డీ అసలు పేరు రేచెల్ పిన్నీ. ఆమె వైద్యురాలు, అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమకారిణి.

ఇంత చదువుకున్న వాళ్ళు ముసుగెందుకు వేసుకున్నారు? అది ఉత్త అల్లరి అని నేననుకోను. నలుగురు యువతులు మర్యాదగా చందా అడిగితే పత్రికలు మొదటి పేజీలో వేస్తాయా? ముసుగు ప్రచారసాధనమైంది. ‘మంచి ఇంటి అమ్మాయి’ కట్టుబాట్లనుంచి బయటపడే దారి కూడా అయింది. మన దగ్గర 1960లలో మగవాళ్ళు ఆడపేర్లతో నవలలు రాసి సంపాదించారు. అక్కడ ఆడవాళ్ళు మగపేరు వెనక నిలబడి సంపాదించింది తమకోసం కాదు. పేరు మార్చుకోవడం ఇద్దరికీ ఒకటే అర్థం ఇవ్వదు.

అయితే ఒక మాట మర్చిపోకూడదు. ముఠా విందులకు భోజనం లండన్‌లోని ఖరీదైన ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ నుంచి వచ్చేది. పేరున్నవాళ్ళే పేరు దాచుకోగలరు. దాచుకున్న పేరును తర్వాతి తరం వెతికి తీస్తుంది కూడా. మెక్‌గ్రెగర్ మనవరాలు పాలీ బ్యాగ్నల్, శాలీ బెక్‌తో కలిసి 2015లో ముఠా కథను పుస్తకంగా తెచ్చింది.

ఆ మరకు ధాన్యం మోసుకొచ్చి, పిండి ఇంటికి తీసుకెళ్ళి రొట్టెలు కాల్చిన పల్లె ఆడవాళ్ళకు అలాంటి మనవరాళ్ళు దొరకలేదు. మన తిరగళ్ళ దగ్గర చేతులు కాయలుకాచిన వాళ్ళకూ అంతే. తిరగలిని అలంకరణకు హాల్లో పెట్టుకునే రోజులివి. రాయిని కాపాడుకోవడం మంచిదే. దాన్ని తిప్పిన చేతుల చరిత్ర రాయడం మన పని.