ఇన్సులిన్‌ను తూచిన ఇద్దరు

పరగడుపున మన రక్తంలో ఇన్సులిన్ ఎంత? ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే, మిల్లీలీటరు రక్తంలో సాధారణంగా అందులో ఒక్క భాగమైనా ఉండదు. దానిని తూచగల త్రాసు 1950ల ఆరంభంలో లేదు.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో భౌతికశాస్త్రవేత్త రోజలిన్ యాలో, వైద్యుడు సాలమన్ బెర్సన్ రేడియోధార్మిక అయోడిన్ జోడించిన ఇన్సులిన్‌ను రోగులకు ఎక్కించి చూశారు. పూర్వం ఇన్సులిన్ వాడినవారి రక్తంలో అది ఎక్కువసేపు నిలిచింది. ప్రతిరక్షకాలు దానిని పట్టి ఉంచుతున్నాయని వారు గ్రహించారు. అంత చిన్న ప్రోటీనుకు ప్రతిరక్షకాలు పుట్టవని నాటి పండితుల నమ్మకం. 1955లో వ్యాసం తిరిగివచ్చింది; మరుసటి ఏడు శీర్షికలో 'యాంటీబాడీ' అన్న మాట లేకుండానే అచ్చయింది.

ఆ పట్టునే వారు త్రాసుగా మలచారు. ప్రతిరక్షకాలపై చోటు కోసం రోగి ఇన్సులిన్, రేడియోధార్మిక ఇన్సులిన్ పోటీపడతాయి. రెండవది ఎంత తక్కువ అతుక్కుంటే మొదటిది అంత ఎక్కువన్నమాట. 1960లో వెలువడిన ఈ రేడియో ఇమ్యునో ఎస్సేకు వారు పేటెంటు తీసుకోలేదు. నేటి బయోసెన్సర్లలో అనేకం ఆ ప్రతిరక్షకాల పట్టునే నమ్ముకున్నాయి; రేడియోధార్మికతకు బదులు కాంతి, విద్యుత్తు వచ్చాయి.

1972లో బెర్సన్ కన్నుమూశారు. 1977లో నోబెల్ అందుకున్న యాలో, తన ప్రసంగంలో నాటి తిరస్కార లేఖను సభకు చూపారు. మృతులకు నోబెల్ లేదు. అయితే తన ప్రయోగశాలకు ఆమె అప్పటికే బెర్సన్ పేరు పెట్టుకున్నారు, తాను రాసే ప్రతి వ్యాసంలోనూ ఆ పేరు ఉండాలని.