ముసాయిదా నియమములు – ప్రజల మాట

తాండూరు పరిసరాల నేలలో సున్నపురాయి పొరలు విస్తారముగా ఉన్నవి. ఇండ్లలో పరచే తాండూరు బండలు, సిమెంటు కర్మాగారముల ముడిసరుకు వాటినుండి వచ్చినవే. రాతిని తవ్వి కోసేచోట దుమ్ము లేవక మానదు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలలో మూసీనది పుట్టుచున్నది. మరి గనులకు, కర్మాగారములకు అనుమతులిచ్చే నియమముల విషయమున ఇక్కడివారి మాటకు చోటున్నదా?

ఉన్నది. ముందుగా ప్రచురించవలెనని చట్టము విధించిన నియమముల ముసాయిదాను ప్రకటించి, గడువు తెలిపి, వచ్చిన ఆక్షేపణలను పరిశీలించవలెనని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టమే నిర్దేశించినది. 1986 పర్యావరణ పరిరక్షణ నియమములు ఇందుకు 60 రోజుల గడువిచ్చినవి.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటనకు బదులుగా 2020 ఏప్రిల్ 11న కేంద్ర గెజెటులో కొత్త ముసాయిదా వెలువడినది. బహిరంగ విచారణలో ప్రజల స్పందనకు ఉన్న 30 రోజులను అది 20కి కుదించదలచినది. అయితే అది ఇంగ్లీషు, హిందీలలోనే ఉన్నది! తెలియని భాషలో అడిగిన ప్రశ్నకు రైతు ఏమని బదులిచ్చును? జూన్ 30న ఢిల్లీ హైకోర్టు గడువును ఆగస్టు 11 వరకు పెంచి, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలన్నింటిలోనికి అనువదించుడని ఆదేశించినది. లక్షలకొలది అభిప్రాయములు చేరినవి. తరువాతి ఏండ్లలో ఆ ముసాయిదా ఖరారు కాలేదు. 2006 ప్రకటననే సవరించుచు వచ్చినారు.

పరిశీలించుట అనగా అంగీకరించుట కాదు. కనుక ఏ నిబంధన, దానివలన ఏ ఊరికి ఏ నష్టము, బదులుగా ఏమి కావలెను అను మూడింటిని స్పష్టముగా వ్రాయవలెను. దుమ్ము ఎంతదూరము పడుచున్నదో, ఏ బావి ఎండినదో రాజధానిలోని అధికారికంటె ఊరివారికే బాగుగా తెలియును.