బందరు ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలి?



మన శాఖ గత సమావేశంలో విహారయాత్ర సంగతి చర్చకు వచ్చిన విషయం మీకు గుర్తుండే ఉంటుంది. అడవి, కొండ, బొగ్గుగని చూచి చూచి విసిగిపోయామనీ, ఈసారి సముద్రం చూడాలనీ ఎక్కువమంది కోరారు. మచిలీపట్నం, అంటే మన వాడుకలో బందరు, అందరికీ సమ్మతమైంది. అక్కడి చిలకలపూడి పాండురంగస్వామి దేవాలయంలో కార్తీక పౌర్ణమి ఉత్సవాలు జరుగుతాయి కనుక, మంగినపూడిలో సముద్రస్నానం కూడా కలిసివస్తుంది కనుక కార్తీకంలోనే పోదామని మహిళా సభ్యులు గట్టిగా పట్టుబట్టారు. ఆనాడు నేనొక్కడినే నోరు విప్పకుండా కూర్చున్నాను. "మీరేమంటారు?" అని అధ్యక్షులవారు అడిగితే "వ్రాతపూర్వకంగా మనవి చేసుకుంటాను" అన్నాను. ఆఫీసులో పాతుకుపోయిన అలవాటు అది. ఈ వ్యాసమే ఆ మనవి.

ముందుగా, బందరు మనకు పరాయి ఊరు కాదు. గోలకొండ సుల్తానుల కాలంలో ఈ రాజ్యానికి సముద్రద్వారం అదే. గోలకొండ నుంచి బందరు దాకా రహదారి ఉండేది. ఆ రేవులో డచ్చివారు 1600ల తొలి సంవత్సరాలలోనే వర్తకశాల పెట్టుకున్నారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. తరువాత ఫ్రెంచివారు వచ్చి కొన్నాళ్ళు ఏలారు. 1759లో కర్నల్ ఫోర్డు దాన్ని ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారికి స్వాధీనం చేశాడు. బందరుకోటలో డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. బందరు పక్కనే ఉన్న పెడన కలంకారీ అద్దకాలు ఓడలెక్కి దేశదేశాలకు పోయాయి.

మన జిల్లాకు దగ్గరి సంబంధం మరొకటుంది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్నగారు తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి చెరసాల పాలైన కథ మనకు ఉగ్గుపాలతో తెలుసు. రెవెన్యూ శాఖవారు ఆయన్ను తమ శాఖకు మూలపురుషుడని సరదాగా చెప్పుకుంటూ ఉంటారు. ఆడిట్ అభ్యంతరం వచ్చిన మొదటి తహసీల్దారు కూడా ఆయనే కదా అని నేనంటాను! ఆ తానీషాయే బందరు వైపు ప్రయాణంలో కూచిపూడిలో నాట్యం చూచి ముగ్ధుడై, ఆ ఊరిని కళాకారులకు అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయంగా చెబుతారు.

ఉత్తర సర్కారులు 1766లో ఇంగ్లీషువారి పరమైనాక బందరు ఒక రాజ్యంలోను, మన సత్తుపల్లి నైజాములోను మిగిలాయి. తిరువూరు దాటితే ఇంగ్లీషు రాజ్యం. సరుకు హద్దు దాటితే కరోడ్గిరీ సుంకం కట్టాలి. ఉప్పు, ఎండుచేప బండ్ల మీద ఇటు వచ్చేవనీ, నాకాల దగ్గర బండ్లు బారులు తీరేవనీ మా పెద్దలు చెప్పగా విన్నాను. బందరు ఉప్పు మన కూరలో ఉండేది. బందరు వాన మాత్రం మనకు తెలియదు.

ఇక అసలు విషయం ఆ వానే. మన ప్రాంతంలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు కురిసే వానే ప్రధానం. దసరా వెళ్ళిందంటే గొడుగు అటక మీదికి పోతుంది. బందరు లెక్క అలా కాదు. నైరుతి వాన పోయిన తరువాత ఈశాన్య రుతుపవనం వస్తుంది. అక్టోబరు, నవంబరు మాసాలలో బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. మనం గొడుగు దాచుకునే వేళకే అక్కడివారు గొడుగు తీస్తారు. కార్తీకమాసం సరిగ్గా ఆ రోజుల్లోనే పడుతుంది.

వానకు తడిస్తే ఆరతాం. బందరు చరిత్రలో మనిషిని భయపెట్టింది వాన కాదు, ఉప్పెన. కృష్ణ డెల్టా నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువ. తుపాను గాలి నీటిని ఒడ్డుకు తోసినప్పుడు, ఆ నీరు అడుగుకు పోవడానికి చోటులేక పైకి లేచి ఊళ్ళ మీదికి నడిచి వస్తుంది. దానికి పోటు సమయం కూడా తోడైతే ఇక అడ్డు ఉండదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుకు అదే జరిగింది. సముద్రం ఊరి మీదికి వచ్చి మైళ్ళకొద్దీ లోపలికి పాకింది. సుమారు 30 వేల మంది చనిపోయారని లెక్కకట్టారు. మరుసటి సంవత్సరం అక్కడి సైనిక పటాలాన్ని ఎత్తివేశారు. అప్పటికే మేట వేసిన రేవు, ఇంగ్లండు మిల్లుబట్టతో దెబ్బతిన్న నేత, మద్రాసు పోటీ అన్నీ ఉన్నాయి. ఉప్పెనతో బందరు రేవు మరి కోలుకోలేదు.

ఆ సంవత్సరమే, దీనికి నెల ముందు, అక్టోబరు 5న కలకత్తాను కూడా పెద్ద తుపాను కొట్టింది. ఒకే ఏట రెండు పట్నాలు అలా మునిగేసరికి, ముందుగా హెచ్చరించే ఏర్పాటు కావాలని దొరతనంవారికి తోచింది. 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు మొదలైనాయి. కరువులు కూడా వచ్చిన తరువాత 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. అంటే ఈనాడు మనం టీవీలో వినే "అల్పపీడనం" వార్త వెనుక కలకత్తావారితో పాటు బందరు మృతుల రుణం కూడా కొంత ఉన్నదన్నమాట.

అయితే హెచ్చరిక చేయడం వేరు, అది మనిషి చెవికి చేరడం వేరు. ఈ మాట నేను పుస్తకం చూచి వ్రాయడం లేదు.

1977 నవంబరు 19, శనివారం. అది కూడా కార్తీకమాసమే. అప్పటికి నేను కొత్తగా చేరిన చిన్న గుమాస్తాను. ఆ రాత్రి సత్తుపల్లిలోనే గాలివాన ఎక్కువై మా ఇంటి పెంకులు లేచిపోయాయి. పొద్దున్నే పెంకులు సర్దుకుంటూ, పెద్ద కష్టం వచ్చిందనుకున్నాం. దివిసీమ కబురు తెలిసేసరికి రెండు రోజులు పట్టింది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల మీదికి తాడెత్తు కెరటం వచ్చి ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చుకుపోయిందన్నారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. అంతకన్నా చాలా ఎక్కువని అక్కడివారంటారు. అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారు మన ప్రాంతంవారే కావడంతో ఇక్కడి జనం మరీ కదిలిపోయారు.

మా ఆఫీసువాళ్ళం, బజారువాళ్ళం కలిసి బియ్యం, పాతబట్టలు, పచ్చళ్ళు పోగుచేసి లారీ కట్టాం. పెళ్ళికాని వాణ్ణి కనుక లారీ వెంట నన్ను పంపారు. బెజవాడ దాటి, చల్లపల్లి దాటి పోయేసరికి వాసన మొదలైంది. దాన్ని వర్ణించను. చెరువులన్నీ ఉప్పునీళ్ళు. తాటిచెట్ల మొవ్వుల్లో చీరలు చిక్కుకుని ఉన్నాయి. తాటిచెట్టు పట్టుకున్నవాళ్ళు, గట్టి మిద్దె ఎక్కినవాళ్ళు బ్రతికారని చెప్పారు. బియ్యం కొలిచి ఇస్తూ చీటీ వ్రాసుకోవడం నా పని. వరుసలో ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "ఎంతమంది, తాతా?" అని అలవాటుగా అడిగాను. నా ముఖం వంక చూచి, "బియ్యం ఎందుకు నాయనా, వండేవాళ్ళెవరు?" అని వరుసలోంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. నా చీటీలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ తరువాత నేను ఆ వైపు పోలేదు. మా ఇంటావిడ సముద్రం చూపించమని ఎన్నోసార్లు అడిగింది. సెలవు లేదనీ, పిల్లల పరీక్షలనీ ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం ఆమెకు చెప్పలేదు. ఈ సంచిక చూచి తెలుసుకుంటుంది.

ఇంత చెప్పి, బందరు వెళ్ళవద్దని చెబుతున్నాననుకోకండి. చరిత్ర అక్కడితో ఆగలేదు. దివిసీమ తరువాత తీరం వెంట తుపాను రక్షిత భవనాలు లేచాయి. 1983లో ఇన్సాట్ 1బి ఉపగ్రహం ఆకాశంలోకి వెళ్ళింది. తుపానును కనిపెట్టే రాడార్లు వచ్చాయి, మచిలీపట్నంలోనే ఒకటి ఉంది. 1990 మే 9న అంతటి పెద్ద తుపానే కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందుగానే లక్షలాది జనాన్ని తరలించారు. మృతులు 967 మంది. ఒక్క ప్రాణం పోయినా నష్టమే. కాని పదమూడేళ్ళ క్రితపు పదివేలతో పోల్చి చూడండి. ఆ తేడా తెచ్చింది హెచ్చరిక వినడం, విని కదలడం. రాత్రింబవళ్ళు ఊరూరా తిరిగి జనాన్ని బ్రతిమాలి బండ్లెక్కించింది ఎవరు? మనవంటి గ్రామ ఉద్యోగులు, గుమాస్తాలు, కండక్టర్లు, పోలీసులు. మన సర్వీసులో మనం గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఇది.

1990 తుపాను మే నెలలో వచ్చిందని గమనించే ఉంటారు. 2010లో లైలా కూడా మే నెలలోనే వచ్చింది. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దాని వాన మన సత్తుపల్లి, అశ్వారావుపేట దాకా వచ్చి కోతకు వచ్చిన వరిని ముంచింది. ఇక 2004 డిసెంబరు 26 సునామీ తుపాను కాదు, దానికి కాలంతో పనిలేదు. ఆనాడు పున్నమి స్నానాలకు మంగినపూడి వచ్చినవారిలో కొందరిని అది తీసుకుపోయింది. కనుక ఏ నెలకూ పూచీకత్తు లేదు. ఎక్కువ ప్రమాదమున్న నెలలను తప్పించుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

అందుచేత నా ప్రతిపాదన ఇది. యాత్ర కార్తీకం నుంచి మాఘమాసానికి మార్చాలి. మాఘ పౌర్ణమి జనవరి, ఫిబ్రవరి నెలల్లో వస్తుంది. అప్పుడు సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది. ఎండ ముదరదు, మోకాళ్ళ నొప్పులవారికి అనుకూలం. పుణ్యం తగ్గుతుందన్న బెంగ అక్కర్లేదు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఉన్న హంసలదీవిలో వేణుగోపాలస్వామివారి ఉత్సవాలు, సాగర సంగమ స్నానాలు మాఘ పౌర్ణమికే జరుగుతాయి. పాండురంగడు ఎక్కడికీ పోడు, 1929లో వెలసిన ఆ గుడి అన్ని మాసాల్లోనూ తెరిచే ఉంటుంది.

దారి తిరువూరు, మైలవరం మీదుగా బెజవాడ. అక్కడి నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. మొదటి రోజు బందరుకోట, చిలకలపూడి, మంగినపూడి చూడవచ్చు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన ఊరు అది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, ఆ పేరు మనవాళ్ళ నోటి నుంచి ఇంకా పోలేదు. లడ్డు కొనుక్కోవచ్చు, మధుమేహంవారు మనుమల పేరు చెప్పి కొనుక్కోవచ్చు. రెండో రోజు కూచిపూడి, మోపిదేవి, అవనిగడ్డ, హంసలదీవి. అవనిగడ్డ ప్రాంతంలో ఉప్పెన మృతుల స్మారకం దగ్గర పది నిమిషాలు బస్సు ఆపాలని నా ప్రత్యేక మనవి.

మరొక్క నిబంధన. బయలుదేరే ముందు మూడు రోజులు వాతావరణ వార్తలు వినే పని ఒకరికి అప్పగించాలి. రేవుల్లో ఎగరవేసే ప్రమాద సూచికలలో ఒకటో నంబరు, రెండో నంబరు అంటే తుపాను దూరాన సముద్రంలో ఉన్నదని. ఎనిమిది నుంచి పది వరకు మహా ప్రమాదం. పదకొండు అంటే కబురే తెగిపోయిందని. మనకు పది దాకా అక్కర్లేదు. ఒకటో నంబరు ఎగిరిందంటేనే యాత్ర వాయిదా వేయాలి, కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వాలి. "డబ్బు కట్టాం కదా, ఏమవుతుందిలే" అనే మాట ఎవరూ అనకూడదు.

ఈ షరతులకు సభ్యులు అంగీకరిస్తే రెండు సీట్లు మా పేరున వ్రాసుకోండి. మా ఇంటావిడకు కిటికీ పక్కన ఇప్పించగలరు.